గగనసారథి హెలెన్ రిచీ

రథమును నడపుట పూర్వకాలమున గొప్ప విద్య. ఇంద్రునకు మాతలియు, అర్జునునకు శ్రీకృష్ణుడును, కర్ణునకు శల్యుడును సారథులైరి. సారథికి భుజబలము కంటె మనోనిశ్చలత ముఖ్యమని భారతము చదివినవారెల్లరు నెఱుగుదురు. నరకాసురునిపై విల్లెత్తిన సత్యభామ కథను భాగవత పురాణకాలక్షేపమున వినని పల్లె తెలుగునేలపై లేదు. అయితే కథలోని వీరవనితను చేతులెత్తి మ్రొక్కు లోకము, ఎదుట నిలిచిన యువతి పగ్గములు నా చేతికిండని యడిగినపుడు మాత్రము వెనుదీయుట సర్వదేశములందును కాననగుచున్నది. ఇందుకు తార్కాణము అమెరికా దేశపు విమానచోదకురాలు హెలెన్ రిచీ జీవితము.

కాలనిర్ణయపట్టిక ననుసరించి ప్రయాణికులను, ప్రభుత్వ తపాలాను చేరవేయు విమాన సంస్థలో చోదకపీఠము నధిష్ఠించిన అమెరికా స్త్రీలలో ఈమె ప్రథమురాలు. అది 1934వ సంవత్సరము. ఆమె ఆయువు 37 ఏండ్లు. అందు విమాన సంస్థలో చేసిన కొలువు ఏడాది యైనను నిండలేదు. అంత స్వల్పకాలపు ఉద్యోగము ఇన్నేండ్ల తరువాత స్మరింపదగినదెట్లయ్యెనో తెలిసికొనుటకు ఆమె చరిత్రను మొదటినుండి చూడవలెను.

హెలెన్ రిచీ 1909 నవంబరు 21వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమందలి మెకీస్పోర్ట్ పట్టణమున జన్మించెను. ఇది పిట్స్‌బర్గ్ మహానగరమునకు సమీపమున, రెండు నదుల సంగమస్థానమున వెలసిన ఉక్కు కర్మాగారముల ఊరు. పొగగొట్టములు, కొలుములు, పగలును రాత్రియు పనిచేయు శ్రామికజనము, ఇవి ఆ పట్టణపు లక్షణములు. ఆమె తండ్రి ఆ పట్టణపు పాఠశాలలకు పర్యవేక్షణాధికారిగా చిరకాలము పనిచేసిన పెద్దమనిషి. ఇంట చదువునకు, క్రమశిక్షణకు కొఱత లేదు. ఉపాధ్యాయవర్గమునకు పెద్దయైన వాని కుమార్తె తానును ఉపాధ్యాయిని కావలెనని ఊరివారు తలచుట సహజము. కాని ఆ బాలిక తీరు వేఱుగ నుండెను. ఆ దినములలో ఆ ఊరి యాడపిల్లలు లంగాలు తప్ప వేఱొండు ధరింపని కాలమున, మగపిల్లలవలె పంట్లాములు తొడిగి తిరిగిన కొద్దిమందిలో ఈమె యొకతె.

ఆమె బాల్యము, విమానవిద్య బాల్యము ఒకే కాలమున నడచినవి. రైట్ సోదరులు 1903లో మొదటి సారి యంత్రవిమానమును నేలనుండి లేపిరి. హెలెన్ పుట్టునప్పటికి ఆ విద్యకు ఆరేండ్ల వయస్సు. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ సముద్రమును దాటినప్పుడు ఆమెకు పదునేడేండ్లు. మరుసటి సంవత్సరము అమీలియా ఇయర్‌హార్ట్ ప్రయాణికురాలిగా ఆ సముద్రమునే విమానమున దాటి, దేశమంతట పేరు పొందెను. ఎందఱో బాలబాలికలు ఆకాశమువంక చూచి ఉవ్విళ్లూరిరి. హెలెన్ ఇరువదవ యేట పిట్స్‌బర్గ్ సమీపమందలి విమానక్షేత్రమున చేరి విద్య నేర్చి, లైసెన్సు సంపాదించెను. బడుల అధికారియైన తండ్రి కుమార్తె కోర్కెను కాదనక, ఆమెకొక విమానమును కొని యిచ్చెను. దేశమంతట ఆర్థికమాంద్యము అలముకొనుచున్న ఆ కాలమున ఆడపిల్ల విద్యకొఱకు అంతటి వ్యయమునకు సిద్ధపడిన ఆ తండ్రి నామము సైతము ఈ చరిత్రలో జమవైపున వ్రాయదగినది.

లైసెన్సు చేతికి వచ్చినంతనే జీవిక దొరకునా? ఆ కాలమున స్త్రీ వైమానికులకు తెరచియున్న ద్వారములలో ముఖ్యమైనవి రెండు. ఒకటి, సంతలలోను తిరునాళ్లలోను వలె జనము గుమిగూడిన చోట ఆకాశమున పల్టీలు కొట్టి వినోదము కలిగించుట. రెండవది, పందెములలో పాల్గొని గొప్ప అంకెలను సాధించుట. హెలెన్ రెండును చేసెను. రెండింటను పేరు పొందెను.

ఆమె పేరు దేశమునకు తెలిసిన మొదటి ఘట్టము 1933 డిసెంబరు మాసమున ఫ్లోరిడా రాష్ట్రమందలి మయామీ నగరముపై జరిగెను. ఫ్రాన్సెస్ మార్సాలిస్ అను మఱియొక చోదకురాలితో గూడి ఆమె విమానమును నేల దింపకుండ ఎన్ని దినములు గాలిలో నుంచగలమో చూతమని పూనుకొనెను. మార్సాలిస్ అంతకుముందు 1932లో లూయిస్ థేడెన్‌తో గూడి 196 గంటలు గాలిలో నిలిచిన అనుభవశాలి. ఆ అంకెను మించుట ఇప్పటి సంకల్పము.

ఈ పని ఎట్లు సాగునో చదువరులు ఊహించుకొనుట మంచిది. విమానము ఆకాశమున వలయాకారముగా తిరుగుచుండును. ఇంధనము తఱుగగా మఱియొక విమానము పైకి వచ్చి, సమానవేగమున ఎగురుచు, పొడవైన గొట్టమును క్రిందికి వ్రేలాడదీయును. క్రింది విమానమునందలి వారిలో నొకరు పైకప్పు తలుపునుండి నడుము వఱకు బయటికి వంగి, పెనుగాలిలో ఆ గొట్టమును ఒడిసి పట్టి, తొట్టిలోనికి త్రిప్పవలెను. ఆ సమయమున రెండవవారు విమానమును వెండ్రుకవాసి కదలనీయక నడపవలెను. రెండు విమానముల నడుమ దూరము కొద్ది అడుగులే. ఒకటి చలించినను ఇద్దఱకును మృత్యువే. ఆహారము, నూనె, ఉత్తరములు త్రాడున కట్టి దింపబడును. ఒకరు నడపుచుండగా నొకరు ఇఱుకైన చోట ఇంజను హోరు చెవులలో మ్రోగుచుండగనే నిదురింపవలెను. ఒక తరుణమున విమానపు గుడ్డకప్పు చిరిగిపోగా, హెలెన్ సూదియు దారమును చేతబట్టి బయటికి ప్రాకి, గాలిలోనే దానిని కుట్టి వచ్చినదని ఆమె కథను వ్రాసినవారు చెప్పుదురు.

ఈ విధముగా వారు 237 గంటల 42 నిమిషములు, అనగా పది దినములకు సుమారు రెండు గంటలు మాత్రము తక్కువగా గాలిలో నిలిచి, పాత అంకెను 41 గంటలకు మించి దాటిరి. ఓర్పునకు భూదేవిని ఉపమానముగ చెప్పుట కవుల యాచారము. ఆ పది దినములు ఆకాశమున సైతము ఆ యుపమానము చెల్లినది.

మరుసటి సంవత్సరము, అనగా 1934 ఆగస్టులో, ఒహాయో రాష్ట్రమందలి డేటన్ నగరమున స్త్రీలకొఱకే ప్రత్యేకముగ విమానోత్సవమును జరిపిరి. అందు ముఖ్యమైన పందెమున హెలెన్ నెగ్గెను. కాని ఆ యుత్సవముననే ఫ్రాన్సెస్ మార్సాలిస్ విమానము నేలగూలి ఆమె మరణించెను. పది దినములు ప్రాణమునకు ప్రాణముగ నొకే పంజరమున బ్రతికిన చెలికత్తె కన్నులయెదుట కడతేరినది. విజయమును దుఃఖమును ఒకే స్థలమున లభించిన ఆ వేసవి పిదప హెలెన్ ఆకాశమును విడువలేదు. పైగా అంతకంటె కఠినమైన త్రోవను ఎన్నుకొనెను.

ఆ త్రోవ పందెము కాదు, నిత్యోద్యోగము. పందెమున గెలిచినవారికి చప్పట్లు లభించును. వారము తిరుగగనే జనము మఱచిపోవుదురు. నిత్యోద్యోగమున చప్పట్లు లేవు. తెల్లవారిన తోడనే వచ్చి, వాతావరణపత్రమును చూచి, ఇంజనులను పరీక్షించి, తెలియని మనుష్యులను వారి ప్రాణములతో సహా నమ్మకముగ చేర్చవలెను. ఒక స్త్రీని చూచి వేడుకపడుట వేఱు, ఆమె చేతిలో తమ ప్రాణములను పెట్టుట వేఱు. హెలెన్ కోరినది ఈ రెండవది.

ఆనాడు వాషింగ్టన్, పిట్స్‌బర్గ్, క్లీవ్‌లాండ్, డిట్రాయిట్ నగరముల మార్గమున రెండు విమాన సంస్థలు పోటీపడుచుండెను. ఒకటి పెన్సిల్వేనియా ఎయిర్‌లైన్స్, రెండవది సెంట్రల్ ఎయిర్‌లైన్స్. మొదటి సంస్థకు క్రొత్త విమానములుండెను. రెండవదానికి పాత ఫోర్డ్ త్రైమోటర్లు ఆధారము. ప్రయాణికులను ఆకర్షించుటకు ఇరుపక్షములవారును నూతనమార్గములను వెదకుచుండిరి. ఇట్టి సమయమున చోదకోద్యోగమునకు హెలెన్ దరఖాస్తు పెట్టెను. దరఖాస్తు పెట్టిన పురుషులు పలువురుండగా సెంట్రల్ సంస్థ ఆమెను స్వీకరించెను. ఆమె సామర్థ్యము నిర్వివాదము. అయినను ఈ నిర్ణయమున ప్రచారదృష్టి సైతము కొంత లేకపోలేదు. ఈ చిన్న లోపమే తరువాతి కష్టమునకు బీజమయ్యెను.

1934 డిసెంబరు 31వ తేదీన హెలెన్ రిచీ సహచోదకురాలిగ ఫోర్డ్ త్రైమోటర్ విమానమున వాషింగ్టన్ నుండి డిట్రాయిట్‌నకు పయనించెను. ఆ విమానము ముడుతల అల్యూమినియపు రేకులతో నిర్మింపబడినది, మూడు ఇంజనులు గలది. జనము దానిని ముద్దుగా రేకు బాతు అని పిలిచెడివారు. గంటకు నూఱు మైళ్లకు కొంచె మెక్కువగ పోవును. దాని హోరు దుస్సహము. చుక్కానిని త్రిప్పుట బరువైన పని. ఆ మార్గమున అలిఘెనీ పర్వతములు అడ్డముగ నుండును. శీతకాలమున అచ్చట పొగమంచును, రెక్కలపై పేరుకొను మంచుగడ్డయు పూర్వము అనేక తపాలా విమానములను పొట్టబెట్టుకొన్నవి. సంవత్సరపు కడపటి దినమున, నడిశీతకాలమున, ఆమె ఆ కొండలపైగ పోయి క్షేమముగ దిగెను. అమెరికా వర్తకవిమాన చరిత్రలో నొక క్రొత్త పుట తెరువబడెను.

కాని ఆ పుటపై వ్రాత సాగలేదు. విమానచోదకుల సంఘమువారు ఆమెను సభ్యురాలిగ చేర్చుకొనుటకు నిరాకరించిరి. విషమ వాతావరణమున విమానమును అదుపున నుంచుటకు స్త్రీకి దేహబలము చాలదని వారి వాదము. ప్రభుత్వమందలి వాణిజ్యశాఖవారు సైతము ఆమెను మంచి వాతావరణము గల దినములలో మాత్రమే పంపవలెననియు, నెలకు మూడు పయనములకు మించరాదనియు సంస్థకు సూచించిరి. ఇందునకు చట్టమెద్దియు లేదు. సూచన మాత్రమే. కాని సంస్థ తపాలా ఒప్పందమునకు ప్రభుత్వముపై ఆధారపడినది. చోదకులు పని మానిన విమానములు కదలవు. ఇరుప్రక్కల నొత్తిడి రాగా సంస్థ తలవంచెను.

ఇచ్చట న్యాయాన్యాయములను తూచి చూచుట యుక్తము. ఆనాటి మాంద్యమున లక్షలకొలది జనము పనిలేక వీథుల పాలైరి. చోదకుల ఉద్యోగములు కొద్ది. స్త్రీలు తక్కువ జీతమునకు వత్తురేమో, తమ నోటి కూడు పోవునేమో యని పురుషచోదకులకు భయము కలుగుట అర్థము చేసికొనదగినది. కాని వారు ఆ భయమును చెప్పక, దేహబలమను కారణమును ముందుంచిరి. పది దినములు ఆకాశమున నిలిచిన యామెకు బలము చాలదనుట ఎట్టి తర్కమో వారికే తెలియవలెను. తుపానులలో చిక్కి కూలిన విమానములను అంతవఱకు నడపినవారిలో అధికులు పురుషులే. ఆ కారణముచే పురుషులు చోదకత్వమునకు తగరని ఎవ్వరును సిద్ధాంతము చేయలేదు.

ఇంక హెలెన్ నిత్యకృత్యము చిత్రముగ మారెను. నడపుటకు విమానము లేదు, చేయుటకు పని మాత్రము కలదు. సంస్థవారు ఆమెను సభలకు పంపి ఉపన్యసింపజేసిరి, ఛాయాచిత్రములు తీయించిరి. జీతపు పద్దున ఆమె చోదకురాలు. పనిపద్దున ప్రచారసామగ్రి. ఆమె చేరిన పిదప వాషింగ్టన్ డిట్రాయిట్ మార్గమున చేసిన రాకపోకలు పండ్రెండైనను లేవందురు. ఊరక కూర్చుండి జీతము తీసికొనుట సుఖమని తలచువారు లోకమున నుందురు. హెలెన్ అట్టిది కాదు. ఏడాది తిరుగకమునుపే, 1935లోనే, ఆమె ఆ యుద్యోగమునకు రాజీనామా నిచ్చెను.

ఈ వార్త దేశమున కలకలము రేపెను. అప్పటికి అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటి లోకవిఖ్యాతి గడించిన అమీలియా ఇయర్‌హార్ట్ బహిరంగముగ నిరసన తెలిపెను. స్త్రీల హక్కులకొఱకు పోరాడిన ఆలిస్ పాల్ మొదలగువారు ఆమె పక్షమున నిలిచిరి. పత్రికలలో చర్చలు సాగెను. కాని తలుపు తెరువబడలేదు. హెలెన్ మాత్రము వాదములతో కాలము గడుపక మఱియొక పనిలో ప్రవేశించెను.

ఆ పని చిన్నదిగ కనబడును గాని ఉపకారమున పెద్దది. ఆ కాలమున చోదకులు త్రోవ తప్పుట సాధారణము. క్రింద కనబడు ఊరేదో తెలియక, ఇంధనము అయిపోయి, పొలములలో దిగి ప్రమాదముల పాలగుచుండిరి. ఫీబీ ఓమ్లీ అను వైమానికురాలు దీనికొక ఉపాయమును కనిపెట్టెను. ప్రతి 15 మైళ్లకొక ఊరిలో, ఎత్తైన కొట్టము కప్పుపైన గాని, కర్మాగారపు పైకప్పుపైన గాని, ఆ ఊరి పేరును ఉత్తరదిక్కు గుర్తుతో సహా, పైనుండి చదువుటకు వీలగునంత పెద్ద అక్షరములతో వ్రాయించుట ఆ యుపాయము. ప్రభుత్వము దీని నంగీకరించి, నిరుద్యోగులకు పని కల్పించు నిధులనుండి సొమ్ము నిచ్చెను. ఊరూర తిరిగి, అధికారులను ఒప్పించి, తగిన కప్పులను ఎంచు బాధ్యత స్త్రీ చోదకులకే ఒప్పగింపబడెను. లూయిస్ థేడెన్, బ్లాంచ్ నోయిస్, నాన్సీ లవ్ మొదలగు వారితో పాటు హెలెన్ రిచీ ఈ పనిలో పాల్గొనెను. ఏ చోదకుల సంఘము ఆమెను కాదన్నదో, ఆ సంఘపు సభ్యులే ఆ యక్షరములను చదువుకొని త్రోవ కనుగొనిరి. అపకారికి నుపకారము చేయుట యొప్పని పెద్దలు చెప్పిన ధర్మము ఇచ్చట అప్రయత్నముగ నెఱవేరినది.

పందెములను సైతము ఆమె మానలేదు. 1936లో చిన్న తరగతి విమానమున 18 వేల అడుగులకు పైగా ఎగసి, ఆ తరగతిలో ఎత్తునకు సంబంధించిన అంతర్జాతీయమైన అంకెను నెలకొల్పెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో న్యూయార్క్ నుండి లాస్ ఏంజెలిస్ వఱకు జరిగిన బెండిక్స్ పందెమున అమీలియా ఇయర్‌హార్ట్‌తో గూడి లాక్‌హీడ్ ఎలెక్ట్రా విమానమున పాల్గొనెను. పయనము మొదటనే పైకప్పు తలుపు ఊడి తెరచుకొనగా, దానిని పట్టి నిలుపుట వారికి కష్టమయ్యెను. వారికి ఐదవ స్థానము లభించెను. అయినను ఆ పందెమున మొదటి స్థానము థేడెన్, నోయిస్‌లకును, రెండవ స్థానము లారా ఇంగల్స్‌నకును దక్కెను. స్త్రీలు బలము చాలనివారన్న వాదమునకు 1936 బెండిక్స్ పందెమే సమాధానము. మరుసటి సంవత్సరము జులైలో ఇయర్‌హార్ట్ అదే విమానమున భూప్రదక్షిణము చేయుచు పసిఫిక్ మహాసముద్రముపై అదృశ్యమయ్యెను. హెలెన్ మఱియొక స్నేహితురాలిని గోల్పోయెను.

పిమ్మట హెలెన్ ఉపాధ్యాయవృత్తిని స్వీకరించెను. తండ్రి బడులను చూచుకొనగా, కుమార్తె ఆకాశమున పాఠములు చెప్పెను. 1940లో పౌర విమానశాఖవారి నుండి బోధకలైసెన్సు పొందిన తొలి స్త్రీలలో ఆమె యొకతె. యుద్ధము సమీపించుచున్నందున దేశమునకు వేలకొలది చోదకులు కావలసివచ్చిరి. వారిని తయారుచేయు పనిలో స్త్రీ చేయి అక్కఱకు వచ్చెను. అవసరము కలిగినపుడు దేహబలపు ప్రశ్న ఎవ్వరికిని జ్ఞాపకము రాదు.

1942లో జాక్వెలిన్ కోక్రన్ అను సుప్రసిద్ధ చోదకురాలు అమెరికా నుండి 25 మంది స్త్రీలను ఎన్నుకొని బ్రిటన్‌నకు తీసికొనిపోయెను. అందు హెలెన్ ఒకతె. అచ్చటి విమానరవాణా సహాయదళమువారి పని, కర్మాగారమున తయారైన యుద్ధవిమానమును సైనికక్షేత్రమునకు చేర్చుట. రేడియో లేదు, ఆయుధము లేదు. బ్రిటన్ మబ్బులలో పటమును, దిక్సూచిని నమ్ముకొని పోవలెను. ఒకనాడు స్పిట్‌ఫైర్, మరునాడు హరికేన్, ఆ మరునాడు పూర్వమెన్నడును చూడని వేఱొక యంత్రము. చేతిలో చిన్న సూచనల పుస్తకము మాత్రముండును. ఈ దళమున చేరి ప్రాణములు గోల్పోయిన స్త్రీలు 15 మంది. కోక్రన్ స్వదేశమునకు తిరిగి పోయిన తరువాత అమెరికా స్త్రీల విభాగమునకు హెలెన్ నాయకత్వము వహించెను.

1943లో స్వదేశమునకు వచ్చి, అచ్చటి స్త్రీ వైమానిక దళమున చేరెను. ఈ దళమున చేరుటకు 25 వేల మందికి పైగా దరఖాస్తులు పెట్టిరి. శిక్షణ ముగించినవారు 1,074 మంది. 38 మంది విధినిర్వహణమున మరణించిరి. అయినను ప్రభుత్వదృష్టిలో వారు సైనికులు కారు. చనిపోయినవారి దేహములను ఇల్లు చేర్చుటకు తోటి చోదకురాండ్రు చందాలు వేసికొనవలసివచ్చెను. హెలెన్ ఆ దళమున బి-25 వంటి పెద్ద బాంబర్లను సైతము నడిపెను. మూడు మోటార్ల ప్రయాణికవిమానమునకు బలము చాలదన్నవారు, ఆమె బాంబరును నడపుచుండగా నోరు మెదపలేదు. 1944 డిసెంబరు 20న ఆ దళము రద్దు చేయబడెను. యుద్ధమునుండి పురుషచోదకులు తిరిగి వచ్చుచుండిరి. వారికి పని చూపుటయే కష్టమైన కాలమది. స్త్రీలు ఇండ్లకు పోవచ్చునని లోకము తీర్పు చెప్పెను.

హెలెన్‌నకు ఇల్లు అనగా విమానమే. దాదాపు పదునాలుగేండ్లు ఆ విద్యనే నమ్ముకొని జీవించినది. యుద్ధానంతరము ఆమె న్యూయార్క్ నగరమున నివసించెను. చోదకోద్యోగము దొరకలేదు. వేలకొలది గంటల అనుభవము గల చోదకులు వీథివీథికి నుండగా, స్త్రీకి అవకాశమిచ్చు సంస్థ ఒక్కటియు లేకపోయెను. చేతనైన పని చేయుటకు చోటు లేనివారి వేదన రైతునకు బాగుగ తెలియును. ఎద్దులు, నాగలి, విత్తనములు అన్నియు నుండి, దున్నుటకు సెంటు నేల లేనట్లు ఆమె బ్రతుకు గడచెను. 1947 జనవరి 7వ తేదీన ఆమె తన గదిలో మరణించి కనబడెను. ఆమె తనంత తానే ప్రాణములు విడిచినదని అధికారులు తలచిరి. వయస్సు 37 సంవత్సరములు.

ఈ ముగింపును చదివి ఆమెను పిఱికిదని అనువారు పొరపడుదురు. ఆమె ధైర్యమునకు సాక్ష్యములు పైన వ్రాయబడియే యున్నవి. ఇంతటి దుఃఖమునకు కారణము ఏదో యొకటి యని తేల్చుట బయటివారికి తగదు. మనిషికి బహుమానములెన్ని యిచ్చినను, చేతినిండ పనియు, మాటాడుటకు తోడును లేనిచో బ్రతుకు బరువగును. ఒంటరియై క్రుంగుచున్నవారిని సకాలమున పలుకరించుట చుట్టుప్రక్కలవారి ధర్మము. ఆమె చరిత్ర నేర్పు పాఠములలో ఇది సైతము చేరవలెను.

హెలెన్ మూసిన తలుపువద్ద నిలిచి తట్టినది. అది తెరుచుకొనుటకు చాల కాలము పట్టెను. ఆమె పనిచేసిన సెంట్రల్ సంస్థ 1936లో పోటీసంస్థతో కలిసిపోయెను. ఐరోపాలో నార్వే దేశస్థురాలు టూరీ విడెరో 1969లో పెద్ద విమాన సంస్థలో చోదకురాలయ్యెను. అమెరికాలో 1973 జనవరిలో ఫ్రాంటియర్ సంస్థ ఎమిలీ హోవెల్‌ను నియమించెను. హెలెన్ మొదటి పయనమునకును ఈ నియామకమునకును నడుమ 38 సంవత్సరములు. పూర్వము హెలెన్‌ను కాదన్న చోదకుల సంఘమే 1974లో ఎమిలీని సభ్యురాలిగ చేర్చుకొనెను. యుద్ధకాలపు స్త్రీ వైమానికులకు సైనికుల హోదా 1977లో లభించెను. 2010లో అమెరికా ప్రభుత్వము వారికి స్వర్ణపతకమును సమర్పించెను. హెలెన్ అది చూచుటకు లేదు.

భారతదేశమున ఈ విషయమున తెలుగునేలకు సంబంధము గల ఒక విశేషము కలదు. అమెరికాలో తలుపులు మూసియున్న కాలముననే, అనేక విమాన సంస్థలు నిరాకరించిన ప్రేమ్ మాథుర్ అను వనితకు హైదరాబాదు కేంద్రముగ నడచిన దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ చోదకోద్యోగము నిచ్చెను. హెలెన్ గతించిన 1947వ సంవత్సరముననే ప్రేమ్ మాథుర్ వర్తకవిమాన లైసెన్సు పొందెను. ఆమె 1949లో జాతీయ విమానపందెమున గెలిచెను. 1966లో దుర్బా బెనర్జీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చోదకురాలుగా చేరెను. నేడు స్త్రీ చోదకుల నిష్పత్తి ప్రపంచపు సగటు కంటె భారతదేశమున చాల అధికముగ నున్నది. దేహబలపు వాదము ఎవ్వరును ఖండింపనక్కఱ లేకయే అంతరించినది.

కరణముల లెక్కలలో ఏటి చివర నిలువ తీయుట యాచారము. హెలెన్ రిచీ లెక్కలో ఉద్యోగము ఏడాది లోపు, పయనములు పండ్రెండు లోపు. ఈ రెండు పద్దులను మాత్రము చూచినవారికి ఆమె ఓడినట్లు తోచును. కాని ఆమె పిదప వచ్చినవారు ఎవ్వరును, స్త్రీ విమానమును నడపగలదా యను ప్రశ్నకు మొదటినుండి సమాధానము చెప్పవలసిన పని లేకపోయెను. ఆ సమాధానము 1934 డిసెంబరు 31న అలిఘెనీ కొండలపైన నొకసారి చెప్పబడియే యుండెను. మిగిలినది లోకము వినుట మాత్రమే.

గ్రంథాలయమున పుస్తకము పట్టిన బాలిక తాను ఫలానిది కావలెనని ఇంట చెప్పినపుడు, పెద్దలు హెలెన్ తండ్రిని తలచుకొందురు గాక. అతడు కుమార్తె కోర్కెను విని, తన చేతనైనది చేసెను. ఆకాశము ఎంతటిదైనను మొదటి అడుగు ఇంటి గడపనుండియే కదా.